పురుగు నడక, పత్రిక నడక

మార్గశిర మాసమున చిలకలూరిపేట నుండి ఏ దిక్కునకు నడచినను మిరపతోటలును, ప్రత్తిచేలును బాటకు ఇరువైపుల కనుపించును. పైరు బాగున్న యేడు ఆ దారిని పోవువానికి చూపుతోనే కడుపు నిండును. 2021వ సంవత్సరము చివర మాత్రము ఆ తోటలను చూచినవారికి దిగులే మిగిలినది. చెట్టు పచ్చగనే యున్నది. పూత మాత్రము నిలువలేదు. పూవును విప్పి అరచేతిలో విదిలించినచో, ఆవగింజ పొడవైనను లేని నల్లని పురుగులు పదులకొలది ప్రాకినవి. రైతు దానిని తనకు చిరకాలముగ తెలిసిన తామరపురుగే యనుకొన్నాడు. తెలిసిన మందునే చల్లినాడు. అది పనిచేయకపోగా రెండవ మందు. అదియును పనిచేయకపోగా మూడవది. పెట్టుబడి పెరిగినది, కాపు తగ్గినది. భూమి తనది కాని కౌలురైతు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

అప్పటికి ఈ ప్రాంతము గుంటూరు జిల్లాలోనిదే. పల్నాడు జిల్లా ఏర్పడినది 2022 ఏప్రిలు 4వ తేదీన. జిల్లా పేరు మారినను చేను మారలేదు, చేనికి పట్టిన పీడయు మారలేదు. నాడు ఉమ్మడి గుంటూరు జిల్లాతోపాటు ఆంధ్ర, తెలంగాణములలోని అనేక మిరప ప్రాంతములు ఆ దెబ్బ తిన్నవి.

ఆ పురుగునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా దేశములలో తిరుగాడిన జాతి అది. మన పాత తామరపురుగు లేత ఆకులను గీకి రసము పీల్చును. ఆకు పైకి ముడుచుకొనును. రైతు దానిని పైముడత యని గుర్తుపట్టును. క్రొత్తగా వచ్చినది పూవులలో చేరును. పూవు రాలును, పిందె నిలువదు. లక్షణము వేరు, దాగుచోటు వేరు. కాని ఈ పురుగు మన దేశమున కాలు పెట్టిన సంగతి 2021లో క్రొత్తగ తెలిసినది కాదు. బెంగుళూరులో బొప్పాయి మొక్కలపై దీనిని గుర్తించి, రూపమును, జన్యు లక్షణములను పరీక్షించి, మన దేశపు శాస్త్రజ్ఞులే 2015లో అమెరికాలోని ఒక కీటకశాస్త్ర పత్రికలో ప్రకటించినారు. 2018లో కర్ణాటకమున డాలియా పూలపై కనుపించిన సంగతియు అచ్చుపడినది. అనగా చిలకలూరిపేట రైతు తన అరచేతిలో ఆ పురుగును చూచుటకు ఆరేండ్లకు ముందే దాని పేరు, ఊరు అచ్చులో ఉన్నవి. పురుగు వచ్చినది, దాని వార్త రాలేదు.

వార్త వచ్చియుండినచో పంట దక్కియుండెడిదని గట్టిగ చెప్పుటకు వీలులేదు. బొప్పాయి మీది పురుగు మిరపను ఇంతగ పట్టి పీడించునని 2015లో ఎవరూ ఊహించి యుండకపోవచ్చును. అయినను, పురుగు లక్షణము ముందుగ తెలిసియున్నచో పనికిరాని మందులకు పెట్టిన డబ్బులో కొంతయైన మిగిలియుండెడిది. కావున ఇచ్చట విచారింపవలసిన ప్రశ్న ఒకటి కలదు. శాస్త్రజ్ఞుడు కనుగొన్న విషయము మరియొక శాస్త్రజ్ఞునికి, అతని నుండి ఉపాధ్యాయునికి, ఉపాధ్యాయుని నుండి ఊరికి చేరుటకు ఎంతకాలము పట్టుచున్నది? ఆ కాలమును తగ్గించుటకు ప్రత్యేకమైన శాస్త్రపత్రిక యొకటి మన ప్రాంతమున వెలువడవలెనా?

శాస్త్రపత్రిక చేయు పని

శాస్త్రపత్రిక యనునది క్రొత్త వస్తువు కాదు. 1665 మార్చి 6వ తేదీన లండనులో రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అను పత్రికను ప్రారంభించినాడు. దానికి రెండు నెలల ముందే పారిసు నగరమున ఒక పండిత పత్రిక బయలుదేరినది. అంతకు పూర్వము శాస్త్రజ్ఞులు ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొనెడివారు. ఉత్తరము అందినవాడు అదృష్టవంతుడు. అందనివాడు అదే పనిని మరల చేసి, అదే తప్పును మరల చేసెడివాడు. కొందరు తాము కనుగొన్న దానిని ఇతరులు అపహరింతురను భయమున గూఢాక్షరములలో దాచుకొనెడివారు.

పత్రిక వచ్చిన తరువాత నాలుగు మేలులు సమకూడినవి. ఎవరు ఎప్పుడు కనుగొన్నారో తేదీతో నమోదగుట మొదటిది. తెలిసినవారు పరీక్షించి మంచిచెడ్డలు చెప్పుట రెండవది. దూరముననున్న వారికి చేరుట మూడవది. ముందుతరముల కొరకు నిలిచియుండుట నాలుగవది. ఈ నాలుగింటిలో మొదటిదియు మూడవదియు వేగమును కోరును. రెండవదియు నాలుగవదియు నిదానమును కోరును. శాస్త్రపత్రికల చరిత్ర యంతయు ఈ వేగమునకు, నిదానమునకు మధ్య జరిగిన బేరమే.

రెండు కథలు

ఈ బేరమున మనవారికి కలిగిన లాభనష్టములను చెప్పు కథలు రెండు కలవు.

కలకత్తాలోని భారతీయ విజ్ఞాన సంవర్ధక సంఘము 1926లో భౌతికశాస్త్ర పత్రిక నొకదానిని ప్రారంభించినది. రెండేండ్లు తిరుగకముందే అది అక్కరకు వచ్చినది. 1928 ఫిబ్రవరి 28న చంద్రశేఖర వేంకట రామన్ గారు కె. ఎస్. కృష్ణన్ గారి సహాయమున, ద్రవములలో చెదరిన కాంతిలో క్రొత్త రంగు రేఖలను చూచినారు. మార్చి 16న బెంగుళూరులో దానిని గూర్చి ఉపన్యసించినారు. ఆ ఉపన్యాసము మార్చి 31వ తేదీతో తమ పత్రికలోనే అచ్చుపడినది. ప్రతులు దేశదేశముల శాస్త్రజ్ఞులకు తపాలాలో వెళ్ళినవి. మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అను ఇరువురు అదే విశేషమును ఫిబ్రవరి 21ననే స్ఫటికములలో చూచినారు. కాని వారి వ్యాసము జర్మను పత్రికలో వెలువడునప్పటికి జులై నెల వచ్చినది. 1930లో నోబెల్ బహుమానము రామన్ గారికి వచ్చినది. ఆయన బృందము చేసిన ప్రయోగముల విస్తృతి కూడ ఇందుకు కారణమే. అయినను చేతిక్రింద ఒక పత్రిక, తలచిన వెంటనే అచ్చువేయగల ఒక ముద్రణాలయము లేకుండినచో కథ మరియొక విధముగ నడచియుండునేమో!

రెండవ కథ మన భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిది. ఆయన అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలసి పనిచేసినారు. శరీరములో భాస్వరమును కొలుచుటకు వారు 1925లో ప్రకటించిన పద్ధతి ప్రయోగశాలలలో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యను పేరనే స్థిరపడినది. ప్రాణుల కణములలో శక్తిని మోయు ఎ.టి.పి. అను పదార్థమును కూడ వారు కనుగొన్నారు. వారి వ్యాసము 'సైన్స్' పత్రికలో 1929 అక్టోబరులో వెలువడినది. కాని జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడు వేరుగ అదే పదార్థమును కనుగొని, ఆగస్టులోనే ప్రకటించియుండినాడు. రెండు నెలల వ్యత్యాసము! నేడు జీవరసాయనశాస్త్రము చదువు విద్యార్థి ఎ.టి.పి.కి మొదట లోమన్ పేరునే వినును. మన సుబ్బారావు గారి పేరు విన్నవారు కొలదిమంది.

ఈ రెండు కథలును కీర్తికి సంబంధించినవి. మిరపచేని కథ జీవికకు సంబంధించినది. ఒకచోట ఆలస్యమునకు మూల్యము పేరు, మరియొకచోట పంట. మూల్యము వేరైనను ఆలస్యమొక్కటే.

వేగము కొరకు పుట్టిన పత్రికలు

రెండవ ప్రపంచయుద్ధము తరువాత పరిశోధనలు పెరిగి, పత్రికలు లావెక్కి, వ్యాసములు బల్లల మీద నెలల తరబడి పడియుండజొచ్చినవి. అమెరికా భౌతికశాస్త్ర సంఘమువారి పెద్ద పత్రికలో చిన్న ఉత్తరముల కొరకు ఒక భాగముండెడిది. క్రొత్త ఫలితములు తెచ్చువారందరు అందులో చోటు కొరకు పోటీపడినారు. సంపాదకుడు సామ్యూల్ గౌడ్‌స్మిట్ 1958 జులై 1న ఆ ఉత్తరముల భాగమును వేరుచేసి, ప్రత్యేక పత్రికగ ప్రారంభించినాడు. వ్యాసము పొట్టిగ నుండవలెను. విషయము ముఖ్యమైనదై యుండవలెను. అచ్చు త్వరగ కావలెను. ఈ మూడు నియమములతో నడచిన 'ఫిజికల్ రివ్యూ లెటర్స్' నేడు భౌతికశాస్త్రమున మిక్కిలి గౌరవము గల పత్రికలలో నొకటి.

1991లో పాల్ గిన్స్‌పార్గ్ మరియొక అడుగు ముందుకు వేసినాడు. పత్రికవారు పరీక్షించుటకు ముందే వ్యాసమును కంప్యూటరు ద్వారా అందరి ముందుంచు భాండాగారమును నెలకొల్పినాడు. 'ఆర్కైవ్' అను ఆ భాండాగారము భౌతిక, గణిత శాస్త్రజ్ఞులకు నిత్యకృత్యమైనది. 2013లో జీవశాస్త్రమునకు కూడ అట్టిది ఏర్పడినది. 2020 జనవరి రెండవ వారమున కరోనా సూక్ష్మజీవి జన్యుక్రమము ప్రపంచమున కందరికి ఒక్కమారుగ లభించుటచేతనే పరీక్షలు, టీకాలు అంత శీఘ్రముగ సాధ్యమైనవి.

కాని తొందరలో తొట్రుపాటు కూడ ఉన్నది. అదే 2020 మే 22న 'లాన్సెట్' పత్రిక హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వలన రోగులకు హాని కలుగుచున్నదని ఒక వ్యాసము ప్రకటించినది. దానిని నమ్మి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందుపై జరుగుచున్న పరీక్షలను మూడు దినములలో ఆపివేసినది. వ్యాసమునకు ఆధారమైన లెక్కలను పరీక్షకులకు చూపలేకపోవుటచే జూన్ 4న రచయితలలో ముగ్గురు దానిని ఉపసంహరించినారు. రెండు శతాబ్దముల కీర్తి గల పత్రిక పదునాలుగు దినములలో తన మాటను తానే వెనుకకు తీసికొనవలసి వచ్చినది. వేగముగ అచ్చువేయుట తప్పు కాదు. లెక్కలు చూడకుండ అచ్చువేయుట తప్పు.

ఇంతకంటె నీచమైన తొందర మరియొకటి కలదు. రచయితల వద్ద డబ్బు పుచ్చుకొని, పరీక్ష యనునది పేరునకు మాత్రమే జరిపి, వారము దినములలో ప్రకటించు పత్రికలు మన దేశమున పుట్టగొడుగులవలె లేచినవి. హైదరాబాదు కేంద్రముగ నడచిన ఒక ప్రచురణ సంస్థపై అమెరికా ఫెడరల్ న్యాయస్థానము 2019లో అయిదు కోట్ల డాలర్లకు పైగ చెల్లింపవలెనని తీర్పు చెప్పినది. తెలుగునేల పేరు ఇట్టి కారణమున ప్రపంచపత్రికల కెక్కుట మనకు శోభ కాదు. ఉద్యోగమునకు, పదోన్నతికి వ్యాసముల లెక్క అడుగుచున్నంతకాలము ఈ అంగడి మూతపడదు. మంచి పత్రికలను ఏరి చూపుటకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 'కేర్' అను పేర నిర్వహించిన జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేసినది. ఏది మంచిదో తేల్చుకొను భారము ఇప్పుడు విద్యాసంస్థలపైననే పడినది.

చదువుట సులభమైనది, వ్రాయుట?

ఇటీవల కేంద్ర ప్రభుత్వము చేసిన మంచిపని ఒకటి చెప్పుకొనవలెను. 'ఒకే దేశము, ఒకే చందా' అను పథకమును మంత్రివర్గము 2024 నవంబరు 25న ఆమోదించినది. 2025, 2026, 2027 సంవత్సరములకు రూ. 6,000 కోట్లు కేటాయించి, 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలను 6,300కు పైబడిన ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధనాలయములకు అందుబాటులోనికి తెచ్చుట దీని ఉద్దేశము. నిన్నటివరకు ఒక్క వ్యాసము కొరకు మిత్రులను బతిమాలుకొన్న పరిశోధక విద్యార్థికి ఇది గొప్ప ఊరట.

అయినను ఇది చదువుటకు తెరచిన తలుపు. వ్రాయువానికి తలుపు వేరు. పాఠకులందరికి ఉచితముగ లభించునట్లు వ్యాసము ప్రకటింపవలెనన్న, అనేక విదేశీ పత్రికలు రచయిత నుండియే రుసుము వసూలు చేయును. 'నేచర్' పత్రిక 2020 నవంబరులో ఒక వ్యాసమునకు 9,500 యూరోలని ప్రకటించినది. పురుగుల మీద పరిశోధించు మన జిల్లా శాస్త్రజ్ఞునికి అది అందని మ్రానిపండు. పైగా ఈ పథకము ప్రభుత్వ సంస్థల గడప దాటదు. చిలకలూరిపేటలోని పాఠశాలలో సామాన్యశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు దాని లెక్కలోనికి రాడు. పూవులో పురుగును చూచి, "ఇదేమిటి మాస్టారూ?" అని పిల్లవాడు అడుగునది ఆయననే కదా!

క్రొత్త పేరా, క్రొత్త అలవాటా?

మనకు పత్రికలు లేకపోలేదు. గుంటూరు చెంతనున్న లాం పరిశోధనాక్షేత్రము 1922లో ఏర్పడినది. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో ప్రారంభమైనది. ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన మరుసటి యేడే, 1954లో, బాపట్ల నుండి 'ఆంధ్ర అగ్రికల్చరల్ జర్నల్' వెలువడుట మొదలైనది. ఏడు దశాబ్దముల చరిత్ర గల పత్రిక మన పొరుగుననే ఉండగా క్రొత్తది యెందుకని అడుగువారి మాట త్రోసివేయదగినది కాదు.

చిన్న పత్రిక యని తేలికగ చూడవలసిన పనియు లేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు సంఖ్యాశాస్త్రమున తమ ప్రసిద్ధ వ్యాసమును 1945లో కలకత్తా గణితశాస్త్ర సంఘమువారి పత్రికలోనే ప్రకటించినారు. ప్రపంచమంతట పాఠ్యపుస్తకములలో ఆయన పేరు నిలిపినది ఆ వ్యాసమే. ఆ తొలిదశ కృషిని గుర్తించి 2023లో, ఆయన నూట రెండవ యేట, అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము నిచ్చినారు. విషయము గట్టిదైనచో పత్రిక ఊరు అడ్డురాదు.

కావున నా మనవి ఇది. గౌడ్‌స్మిట్ చేసినట్లే చేయుదము. మొదట పాత పత్రికల ఒడిలోనే మిరప, ప్రత్తి పైరుల చీడపీడలకు ప్రత్యేకముగ చిన్న ఉత్తరముల భాగము నొకదానిని తెరచుట మేలు. ఉత్తరము రెండు పుటలకు మించరాదు. ఎక్కడ, ఏ తేదీన, ఏ మొక్కపై, ఏ పురుగు కనుపించినదో, ఎవరు గుర్తించినారో స్పష్టముగ నుండవలెను. ఇద్దరు పరీక్షకులు మూడు వారములలో తీర్పు చెప్పవలెను. లెక్కలు, ఛాయాచిత్రములు వారు తప్పక చూడవలెను. ఏ మందు పనిచేయలేదో చెప్పు ఉత్తరమునకు కూడ, పనిచేసినదని చెప్పు ఉత్తరముతో సమానముగ చోటుండవలెను. రైతు డబ్బును కాపాడునది తరచుగ ఆ మొదటిదే. ఉత్తరము ఇంగ్లీషులో నున్నను, దాని సారాంశము పది పంక్తులలో తెలుగున నుండి తీరవలెను. ఆ భాగము నిలద్రొక్కుకొని, ఉత్తరములు పెరిగిననాడు దానిని వేరుచేసి స్వతంత్ర పత్రికగ ప్రారంభింపవచ్చును.

ఇందుకు కోట్లు అక్కరలేదు. పత్రికల క్రమసంఖ్య ఢిల్లీలోని జాతీయ కేంద్రమువారు రుసుము లేకుండ ఇత్తురు. వ్యాసములను స్వీకరించి, పరీక్షకులకు పంపి, ప్రకటించుటకు ఉచితముగ లభించు కంప్యూటరు సాధనములు రెండు దశాబ్దములుగ ఉన్నవి. కావలసినది పరీక్షకుల కాలము. ఆ కాలమునకు తగిన గౌరవము. పరీక్షించు పనికి మన విశ్వవిద్యాలయములలో ఉద్యోగపు లెక్కలో విలువ తక్కువ. ఆ లోపము దిద్దనిది ఎన్ని పత్రికలు పెట్టినను వేగము రాదు. అచ్చు యంత్రము ఎంత త్వరగ తిరిగినను, పరీక్షకుని బల్ల మీద కాగితము కదలవలెను కదా!

బడి నుండి పొలమునకు

ఒక మాట ఉపాధ్యాయ మిత్రులతో. శాస్త్రపత్రికను రైతు చదువడు. చదువవలెనని ఆశించుటయు న్యాయము కాదు. ఆ పనికి తెలుగున వ్యవసాయ మాసపత్రికలు ఉన్నవి. కాని శాస్త్రజ్ఞుని ఉత్తరమునకు, రైతు చెవికి నడుమ ఒక మనిషి కావలెను. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిన కొమర్రాజు లక్ష్మణరావు గారు మొదలైనవారు ఆ నడిమి మనిషి పనినే తలకెత్తుకొన్నారు. శాస్త్రములను తెలుగు అక్షరములలోనికి తెచ్చినారు. నేటి పల్లెలో ఆ పనికి తగినవాడు బడి పంతులే.

విద్యార్థులు కూడ ఇందులో పాలుపంచుకొనవచ్చును. నల్ల తామరపురుగు నీలిరంగు జిగురు అట్టకు అంటుకొనును. తెల్లదోమ పసుపురంగు అట్టకు అంటుకొనును. బడి ప్రక్క చేనిలో రైతు అనుమతితో అట్టలు కట్టి, వారమునకొక దినము లెక్కించి, తేదీ వేసి నోటుపుస్తకమున వ్రాయుట ఎనిమిదవ తరగతి పిల్లవానికి సాధ్యమే. జాతి ఏదో నిర్ణయించుట వానివల్ల కాదు; అందుకు సూక్ష్మదర్శని, అనుభవము కావలెను. అనుమానము కలిగిన పురుగును లాం శాస్త్రజ్ఞులకో, కృషి విజ్ఞాన కేంద్రమునకో పంపవలెను. కాని ఎప్పుడు మొదట కనుపించినదను తేదీ పిల్లవాని పుస్తకములో ఉండును. ఓల్డెన్‌బర్గ్ తన పత్రికలో మొట్టమొదట చేసిన పని అదే కదా: తేదీ వేయుట.

పల్నాటి రైతుకు ఇది మొదటి దెబ్బ కాదు. 1980 తరువాతి దశాబ్దమున ప్రత్తికి తెల్లదోమ వచ్చినది. క్రొత్తగ వచ్చిన పైరెత్రాయిడు మందులు మితిమీరి వాడిన కొలది అది పెరిగినది. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ప్రత్తి రైతులు ప్రాణములు తీసికొన్నారు. మందు ఎక్కువైనచో దోమ పెరుగునన్న సంగతి ప్రయోగశాలలో తెలిసినప్పటికిని, చేనిలో తెలియుటకు ఆలస్యమైనది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మనకు అలవాటైపోయినది.

రేపు మరియొక పురుగు వచ్చును. ఓడలో వచ్చునో, మొక్కతో వచ్చునో, గాలిలో వచ్చునో చెప్పలేము. అది నడచు వేగమును మనము ఆపలేము. దాని వార్త నడచు వేగము మాత్రము మన చేతిలోనే యున్నది. ఈసారి పిల్లవాడు పూవును అరచేతిలో విదిలించి "ఇదేమిటి మాస్టారూ?" అని అడిగినప్పుడు, మాస్టారు "కనుగొందము" అనుటతో ఆగక, మూడు వారములలో పేరు చెప్పగలిగిననాడు పత్రిక పెట్టినందులకు ఫలితము దక్కినట్లే.